మొదటి క్లయింటు మన ఊళ్లోనే ఉంటారు

ఈమధ్య ఒక రాత్రి చీపురుపల్లి నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. "అక్కా, నా మీద కేసు పెడతారంట" అంది. డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్నాను కదా అని ఆన్‌లైన్‌లో ఫామ్ ఫిల్లింగ్ పనిలో చేరిందట. ఐదు రోజుల్లో వందల ఫారాలు నింపాలి, తొంభై శాతం తప్పుల్లేకుండా ఉంటేనే డబ్బులు. ఇచ్చిన ఫారాలేమో మసక ఫొటోలు. గడువు అయ్యాక "మీ యాక్యురసీ సరిపోలేదు, అగ్రిమెంటు ప్రకారం మా సాఫ్ట్‌వేర్ ఖర్చు మీరే కట్టాలి" అన్నారు. కట్టనంటే వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది. పైన త్రాసు బొమ్మ, కింద గుండ్రటి స్టాంపు. నలభై ఎనిమిది గంటల్లో డబ్బు కట్టకపోతే కోర్టుకు ఈడుస్తామని రాశారు. ఆధార్ ఫొటో, సంతకం ముందే పంపించేసింది కాబట్టి పిల్లకు నిద్ర లేదు.

ఇది చాలా పాత మోసం. ఆ కాగితం కోర్టు నుంచి వచ్చింది కాదు, వాళ్లే తయారు చేసుకున్నది. ఒక్క రూపాయి కూడా కట్టొద్దని, మెసేజ్‌లన్నీ స్క్రీన్‌షాట్లు తీసుకున్నాకే నంబర్లు బ్లాక్ చేయమని, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టమని చెప్పాను. అలాగే చేసింది. అటునుంచి మళ్లీ చప్పుడు లేదు. అయితే ఆ రాత్రి ఫోన్ పెట్టేసే ముందు అది అడిగిన మాట మాత్రం నన్ను వదల్లేదు. "నువ్వు చేసేదీ ఇలాంటి పనే కదక్కా? మరి నీకు డబ్బులెలా వస్తున్నాయి?"

నేను విజయనగరంలో ఇంటి నుంచి వర్చువల్ అసిస్టెంటుగా పనిచేస్తాను, అంటే అపాయింట్‌మెంట్లు, ఫోన్లు, ఈమెయిళ్లలాంటి ఆఫీసు పనులు దూరం నుంచే చూసిపెడతాను. జీతం ఇచ్చే కంపెనీ లేదు. క్లయింట్లే ఉన్నారు, వాళ్లకు నెలనెలా బిల్లు పెడతాను. నా పనికీ ఆ ఫామ్ ఫిల్లింగ్‌కీ తేడా ఎక్కడుందో దానికి ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఆలోచించేకొద్దీ ఒక అభిప్రాయం గట్టిపడింది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డాలర్ల వెంట పడకుండా ముందు మన ఊళ్లో, తెలిసిన వీధిలో, ముఖం చూసి మాట్లాడగలిగే ఒక మనిషి దగ్గర పని పట్టుకోవాలి. యూట్యూబ్‌లో ఎవరూ ఈ మాట చెప్పరు. అక్కడ అంతా ఇంట్లో కూర్చుని డాలర్లు సంపాదించడం గురించే.

"ఎవరిస్తారు పని?"

2025లో వర్క్ ఫ్రమ్ హోమ్ మీద ఆసక్తి ఉందా అని అడుగుతూ సచివాలయం వాళ్లు ఇంటింటికీ వచ్చారు గుర్తుందా? మా వీధిలో దాదాపు ప్రతి ఇంట్లోనూ పేరు రాయించుకున్నారు. డిగ్రీ చదివిన కోడళ్లు, బీటెక్ అయ్యి బ్యాంకు కోచింగుకి తిరుగుతున్న పిల్లలు, అందరూ. మర్నాటి నుంచి "ఇంకా ఫోన్ రాలేదేంటి?" అని ఒకరినొకరు అడగడం మొదలైంది. వాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. మన జిల్లాల్లో పని అంటే నోటిఫికేషన్ రావాలి, పరీక్ష రాయాలి, లేదా వైజాగో హైదరాబాదో బస్సెక్కాలి. తరాలుగా చూసింది అదే. ఎవరో ఒకరు పిలవాలి, మనం వెళ్లాలి.

వర్చువల్ అసిస్టెంటును మాత్రం ఎవరూ పిలవరు. తన పని ఎవరికి అవసరమో తనే కనిపెట్టాలి. ఫామ్ ఫిల్లింగ్ మోసగాళ్లు పట్టుకున్నది ఇక్కడే. పని "ఇస్తామనే" వాళ్ల కోసం ఎదురుచూసే అలవాటు మీదే వాళ్ల వ్యాపారం నడుస్తోంది. నిజమైన క్లయింటు ఎవరూ పని ఇవ్వడానికి మన దగ్గర డబ్బులు తీసుకోరు, యాక్యురసీ తగ్గిందని జరిమానా వేయరు. బాగోకపోతే వచ్చే నెల నుంచి వద్దంటారు, అంతే.

పళ్ల డాక్టరు గారి రిజిస్టరు

నా మొదటి క్లయింటు కోట దగ్గర ఉండే ఒక పళ్ల డాక్టరు గారు. అప్పటికి హైదరాబాదులో అడ్మిన్ ఉద్యోగం వదిలేసి, మా మామయ్య గారి ఆరోగ్యం కోసం అందరం విజయనగరం వచ్చేశాం. ఒకరోజు మా అత్తయ్యను పన్ను పీకించడానికి తీసుకెళ్లాను. గంటకు పైగా కూర్చోవాల్సి వచ్చింది. ఒకే టైముకి ముగ్గురిని రమ్మన్నారు. బల్ల మీద పొడుగాటి రిజిస్టరు, అందులో నీలం పెన్నుతో పేర్లు, ఎర్ర పెన్నుతో కొట్టివేతలు, మార్జిన్‌లో ఫోన్ నంబర్లు. కాంపౌండరు ఒక చేత్తో సామాను కడిగిన గిన్నె, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని "రేపు రండి, ఏదో ఒక టైములో రండి" అంటున్నాడు.

ఆ రిజిస్టరును కాసేపు చూస్తే ఒక విషయం అర్థమైంది. రూట్ కెనాల్‌కి వచ్చినవాళ్లు మొదటి సిట్టింగుతో నొప్పి తగ్గగానే రెండోసారి రావడం లేదు. పేరు పక్కన "2వ సిట్టింగ్" అని రాసి ఉంటుంది, దాని మీద ఎర్ర గీత. అలా వదిలేస్తే ఆ పన్ను మళ్లీ ఇన్‌ఫెక్షన్ అవుతుంది, లేదా విరిగిపోతుంది. అటు పేషెంటుకి నష్టం, ఇటు డాక్టరుకి నష్టం. ఆ ఫోన్లు చేసే తీరిక క్లినిక్‌లో ఎవరికీ లేదు.

రెండు రోజుల తర్వాత వెళ్లి అడిగాను. అపాయింట్‌మెంట్లు గూగుల్ క్యాలెండర్‌లో పెడతాను, ముందురోజు సాయంత్రం అందరికీ గుర్తు చేస్తాను, మధ్యలో ఆపేసినవాళ్లకు ఫోన్ చేస్తాను, క్లినిక్ టైమింగులు గూగుల్‌లో తప్పుగా ఉన్నాయి, అవి సరిచేస్తాను అన్నాను. ఆయనకు నచ్చింది. "అయితే ఇక్కడే ఒక టేబుల్ వేయిస్తానమ్మా, పదింటికి వచ్చెయ్యండి" అన్నారు. ఇంటి నుంచే చేస్తానంటే ఆయనకు నమ్మకం కుదరలేదు. కనబడని మనిషి పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? ఆయన అనుమానంలో తప్పేమీ లేదు.

దానికి నేను చేసింది చిన్న పని. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టేదాన్ని. రేపు ఎవరెవరు వస్తున్నారు, ఎవరు ఫోన్ ఎత్తలేదు, ఎవరు వాయిదా వేసుకున్నారు, మీరు చెప్పాల్సిన జవాబు ఏదైనా ఉందా. నాలుగైదు లైన్లు, అంతకు మించి ఉండదు. మొదట్లో ఆయన మధ్యాహ్నం కూడా ఫోన్ చేసి అడిగేవారు. తర్వాత్తర్వాత అడగడం మానేశారు. టేబుల్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఈ ఎనిమిదింటి మెసేజ్ నాకు ఏ కోర్సులోనూ దొరికేది కాదు. ట్రెల్లో, నోషన్, స్లాక్, కాన్వా లాంటి ఆఫీసు పనుల యాప్‌లు వారం పది రోజుల్లో ఎవరైనా నేర్చుకోవచ్చు, అన్నిటికీ ఉచిత వీడియోలున్నాయి. ఒక మనిషికి ఏ విషయంలో టెన్షన్ ఉంది, దేన్ని మనం సొంతంగా తేల్చేయొచ్చు, దేన్ని అడిగి చేయాలి అన్నది మాత్రం ఆ మనిషిని చూస్తేనే తెలుస్తుంది. డాక్టరు గారి ముఖం చూశాను కాబట్టే, ఆయన చిరాకు పేషెంట్లు ఎక్కువైనందుకు కాదని, ఎవరొస్తారో తెలియనందుకని నాకు అర్థమైంది. వేల మైళ్ల అవతలి క్లయింటు అయితే ఈమెయిల్‌లో "అపాయింట్‌మెంట్లు చూడండి" అని మాత్రమే రాస్తారు. మిగతాది మనం ఊహించుకోవాలి. ఎప్పుడూ చూడని పనిని ఊహించుకోవడం కొత్తవాళ్లకు చాలా కష్టం.

ఇంకొక సంగతి. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందురోజు సోమవారం తొలేళ్లు. ఆ రెండు రోజులూ మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా బండి కాదు కదా, మనిషి నడవడానికే చోటుండదు. ఒక ఏడాది ఆ సోమ మంగళవారాలకు క్లిప్పులు బిగించుకునే పిల్లలకు అపాయింట్‌మెంట్లు పడి ఉన్నాయి. డాక్టరు గారేమో ఏదో సదస్సుకి వెళ్తూ రైల్లో ఉన్నారు, ఫోన్ కలవడం లేదు. పై ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల టైములు నువ్వే చూసుకో అని ఆయన అంతకుముందే చెప్పి ఉన్నారు కాబట్టి, గజపతినగరం, నెల్లిమర్ల వైపు నుంచి వచ్చేవాళ్లందరినీ గురువారానికి మార్చి, ఊళ్లోవాళ్లను మాత్రం ఆయన్ను అడిగేదాకా ఆపాను. ఎంత దాకా నా ఇష్టం, ఎక్కడ ఆయన ఇష్టం అన్న గీత అప్పుడే స్పష్టంగా తెలిసింది.

"లోకల్ వాళ్లు డబ్బులివ్వరు"

ఈ వ్యాసం మీద వచ్చే మొదటి అభ్యంతరం ఇదే అని తెలుసు. అందులో నిజముంది కూడా. పలాస వైపు ఒక జీడిపప్పు వ్యాపారికి కొన్నాళ్లు పనిచేశాను. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టడం, గ్రేడుల వారీగా రేట్లు మార్చడం, ఆర్డర్లు షీటులో ఎక్కించడం, కొరియర్ ట్రాకింగ్ నంబర్లు పంపడం. దసరా దీపావళి ముందు స్వీట్ షాపుల ఆర్డర్లు ఊపిరాడనివ్వవు. పని నచ్చింది, మనిషీ మంచివారు. డబ్బుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఈ నెల మార్కెట్ బాగోలేదమ్మా, కలిపి ఇచ్చేద్దాం" అనేవారు. ఒక పండక్కి డబ్బులకు బదులు మంచి గుండు పప్పు రెండు కేజీలు పంపించారు. ఆప్యాయంగానే పంపారు. ఇంట్లో అందరూ సంతోషించారు. కరెంటు బిల్లు మాత్రం పప్పుతో కట్టలేం కదా.

ఆ తర్వాత నుంచి నెల మొదటి తారీఖున ముందుగా డబ్బు పడితేనే ఆ నెల పని అన్న పద్ధతి పెట్టుకున్నాను. ఆయన మొదట నొచ్చుకున్నారు. "మనవాళ్లమే కదమ్మా" అన్నారు. మనవాళ్లం కాబట్టే మధ్యలో డబ్బు మాట రాకూడదండీ, ముందే అయిపోతే నేనూ మీరూ హాయిగా ఉంటాం అన్నాను. రెండు నెలలు ఆపి, సీజను మొదలయ్యేసరికి ఆయనే యూపీఐలో పంపించారు.

ఇలా అడగడం చాలామందికి నోరు రాదు. ముఖ్యంగా ఆడవాళ్లకు. తెలిసినవాళ్ల దగ్గర పనికి డబ్బు అడిగితే ఏమనుకుంటారో అని. మా అత్తయ్యే మొదట్లో "ఇంటికాడ కూకొని ఫోన్‌లో మాట్లాడితే డబ్బులెవులిస్తారమ్మా" అనేది. చుట్టూ అందరూ అలా అంటుంటే మనకే అనుమానం వస్తుంది, ఇది పనేనా అని. అందుకే ఆ అడగడం ఇక్కడే, తెలుగులోనే, మొహమాటపెట్టే మనుషుల దగ్గరే నేర్చుకోవాలని నా వాదన. ఇక్కడ అడగగలిగితే ఎక్కడైనా అడగగలం. ఇంగ్లండు క్లయింటు రేటెంత అని అడిగినప్పుడు నాకు గొంతు తడబడలేదంటే పలాస పుణ్యమే.

రేటు విషయం కూడా ఒకటి చెప్పాలి. ఊళ్లో చాలామంది మన పనిని రిసెప్షనిస్టు జీతంతో పోలుస్తారు. రోజంతా కూర్చునే అమ్మాయికే ఇంతిస్తున్నాం, రోజుకు గంటన్నర చేసే నీకు అంతెందుకు అంటారు. గంటల లెక్కలోకి దిగితే మనం ఓడిపోతాం. డాక్టరు గారి దగ్గర నేను గంటల మాటే ఎత్తలేదు. నెలకు 5,000 అడిగాను. మధ్యలో ఆపేసిన రూట్ కెనాల్ పేషెంటు తిరిగొచ్చి క్యాప్ కూడా పెట్టించుకుంటే క్లినిక్‌కి వచ్చేది కొన్ని వేలు. నెలకు ఇద్దరు తిరిగొస్తే నా డబ్బు వచ్చేసినట్టే అని కాగితం మీద చూపించాను. ఆయన ఒప్పుకున్నారు, ఇప్పుడు అంతకంటే ఎక్కువే ఇస్తున్నారు.

ఇలాంటి చోట్లు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. టాక్స్ కన్సల్టెంట్ల ఆఫీసులనే చూడండి. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లకు అమ్మకాల వివరాలుండే జీఎస్టీఆర్-1 మరుసటి నెల 11లోపు, పన్ను లెక్క చూపించే 3బి 20లోపు వెళ్లాలి. షాపుల వాళ్లు పదో తారీఖు రాత్రి దాకా బిల్లులు పంపరు. ఒకటో తారీఖు నుంచి ఒక్కొక్కరికీ గుర్తు చేస్తూ బిల్లులు రాబట్టి, ఫోల్డర్లలో సర్దిపెట్టే మనిషి ఉంటే ఆ ఆఫీసు ఎంత తేలికపడుతుందో ఊహించండి. పొందూరు ఖద్దరు అమ్మేవాళ్లు, మాఘం నుంచి వైశాఖం దాకా బుకింగులతో సతమతమయ్యే కల్యాణ మండపాలు, రాజాంలో ట్యూషన్ సెంటర్లు, అరసవల్లి చుట్టూ ఉన్న లాడ్జీలు. వీళ్లెవరూ "వర్చువల్ అసిస్టెంట్ కావలెను" అని బోర్డు పెట్టరు. అవసరం మాత్రం ఉంది.

నా స్నేహితురాలి మాట

శ్రీకాకుళంలో ఉండే నా స్నేహితురాలు ఈ వాదనకు అస్సలు ఒప్పుకోదు. తను మొదటి రోజు నుంచీ బయటి దేశాల క్లయింట్ల పనులు దొరికే అప్‌వర్క్ వెబ్‌సైట్‌లోనే ఉంది. అమెరికాలో ఆన్‌లైన్ షాపు నడిపే ఒకామెకు ప్రోడక్టుల పేజీలు, కస్టమర్ల ఈమెయిళ్లు చూస్తుంది. "నువ్వు ఊళ్లో నెల మొత్తం చేసి తెచ్చుకునేది నాకు వారంలో వస్తుంది. మొహమాటాలు లేవు, పప్పు పొట్లాలు లేవు. ఆ కాలమంతా నువ్వు వృథా చేసుకున్నావు" అంటుంది. తన విషయంలో ఇది నిజం. డబ్బు అవసరం గట్టిగా ఉండి, ఇంగ్లీషులో రాయడం బాగా వచ్చి, కొన్ని నెలలు ఆదాయం లేకపోయినా తట్టుకోగలిగితే ఆ దారీ మంచిదే.

కానీ తను చెప్పని భాగం కొంత ఉంది, అడిగితే ఒప్పుకుంటుంది. అక్కడ ఒక్కో పనికి అప్లై చేయడానికి కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చు పెట్టాలి, వాటిని డబ్బు పెట్టి కొనాలి. రివ్యూ ఒక్కటి కూడా లేని ప్రొఫైల్‌ని తెరిచి చూసేవాళ్లు తక్కువ. అలాంటిదే ఇంకో సైటు ఫైవర్‌లో అయితే వచ్చిన ప్రతి వంద డాలర్లలో ఇరవై వాళ్లవి. రివ్యూ కోసం గంటకు రెండు మూడు డాలర్లకు చేస్తామని ఒకరి మీద ఒకరు తగ్గించుకుంటూ పోతారు. అలా ఒకసారి తగ్గించిన రేటు మళ్లీ పెంచడం ఎంత కష్టమో తనకు తెలుసు. పైగా మోసగాళ్లు అక్కడా ఉన్నారు. టెలిగ్రామ్‌లోకి రండి, అక్కడ మాట్లాడదాం అనేవాళ్లు.

ఆ తర్వాత రాత్రులు. కాలిఫోర్నియాలో ఉదయం తొమ్మిదంటే మనకు వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. న్యూయార్క్ అయితే సాయంత్రం ఆరున్నర, ఏడున్నర. ఇంట్లో వంటలు, పిల్లల హోంవర్కు సరిగ్గా ఆ వేళకే. సిడ్నీ అయితే తెల్లవారుజామున నాలుగున్నరకో మూడున్నరకో లేవాలి. చిన్నపిల్లలున్న ఇళ్లలో ఇంగ్లండు ఒక్కటే కాస్త వీలుగా ఉంటుంది. వాళ్ల తొమ్మిది మనకు మధ్యాహ్నం ఒకటిన్నర, అక్టోబరు ఆఖరి ఆదివారం తర్వాత రెండున్నర. ఈ లెక్కలు వేసుకోకుండా దిగి, ఆరోగ్యం పాడై మానేసిన ఆడపిల్లలను చూశాను.

నాకు విదేశీ క్లయింటు దొరికింది కూడా ఊరి దారిలోనే. డాక్టరు గారి క్లాస్‌మేట్ ఒకరు ఇంగ్లండులో క్లినిక్ నడుపుతున్నారు. ఆయన ఇంటర్వ్యూలో నన్ను సాఫ్ట్‌వేర్ల గురించి ఏమీ అడగలేదు. "నేను అందుబాటులో లేనప్పుడు ఏదైనా నిర్ణయం తీసుకోవాల్సి వస్తే ఏం చేస్తావు?" అన్నారు. సిరిమాను వారం సంగతి చెప్పాను. పని ఇచ్చారు. మన ఊళ్లలో ఏ ఇంటిని కదిపినా ఒక కొడుకో, మేనల్లుడో, క్లాస్‌మేటో బయటి దేశంలో ఉంటారు. ఊళ్లో బాగా చేసిన పని గురించి వాళ్లకు తెలుస్తుంది. ఆ మాట ముందు ప్రొఫైల్‌లో ఉండే ఐదు నక్షత్రాలు తక్కువే అని నా నమ్మకం. ఇందులో నా అదృష్టం కొంత ఉందని స్నేహితురాలు అంటుంది. కాదనను. కానీ ఆ రోజు ఇంటర్వ్యూలో చెప్పడానికి నా దగ్గర ఒక సంగతి ఉంది, అది అదృష్టంతో రాలేదు.

ఇంగ్లీషు, కరెంటు, పాస్‌వర్డులు

మా పిన్ని కూతురిలాంటి వాళ్లకు అన్నిటికన్నా పెద్ద భయం ఇంగ్లీషు. ఊరి పనిలో ఈ భయానికి కాస్త ఊపిరి దొరుకుతుంది. ఫోన్లు తెలుగులో, షీట్లు, ఈమెయిళ్లు ఇంగ్లీషులో. రోజూ పది చిన్న ఈమెయిళ్లు రాస్తే ఏడాదిలో చెయ్యి తిరుగుతుంది. క్లయింట్లకు కావాల్సింది కూడా సాహిత్యం కాదు. అర్థమయ్యేలా, చిన్నగా, ఆలస్యం లేకుండా రాస్తే చాలు.

కరెంటు, నెట్ సంగతి చిన్నదిగా అనిపిస్తుంది గానీ మన తీరంలో చిన్నది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ టవర్లు లేవు. అంతకు నాలుగేళ్ల ముందు హుద్‌హుద్ వైజాగ్‌నీ, మన జిల్లాలనీ అలాగే చేసింది. అక్టోబరు, నవంబరు వచ్చాయంటే నేను క్లయింట్లకు ముందే చెప్పేస్తాను, తుపాను హెచ్చరిక వస్తే ముందురోజే అర్జెంటు పనులు ముగిస్తాను, రెండు వేరు కంపెనీల సిమ్‌లున్నాయి, అవీ పోతే ఎవరిని సంప్రదించాలో ఇదిగో నంబరు అని. ఇంగ్లండు ఆయనకు ఇది చెప్పడానికి మొదట మొహమాటపడ్డాను. చెప్పాక ఆయనే థాంక్స్ చెప్పారు. ఊళ్లో క్లయింటుకైతే ఇది చెప్పక్కర్లేదు, ఆయన ఇంట్లోనూ కరెంటు ఉండదు.

పాస్‌వర్డుల విషయంలో మన దగ్గర మరీ చనువు ఎక్కువ. పని ఒప్పుకోగానే జీమెయిల్ పాస్‌వర్డు కాగితం మీద రాసిచ్చేస్తారు, ఒక్కోసారి బ్యాంకుది కూడా. తీసుకోవద్దు. జీమెయిల్‌లో పాస్‌వర్డు ఇవ్వకుండానే వేరొకరికి అనుమతి ఇచ్చే డెలిగేట్ సదుపాయం ఉంది, క్యాలెండర్ షేర్ చేయొచ్చు, గూగుల్‌లో వ్యాపారం పేజీకి మేనేజరుగా చేర్చొచ్చు. క్లయింటు పక్కన కూర్చుని ఇవన్నీ పెట్టించాలి. పేషెంట్ల ఫోన్ నంబర్లు, వాళ్ల జబ్బుల వివరాలు మన చేతిలో ఉంటాయి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది సరే, అది లేకపోయినా ఫలానావిడకు కట్టుడు పళ్లు పెట్టారట అన్న మాట మన నోటి నుంచి బయటికి పోకూడదు. చిన్న ఊళ్లో అది ఒక్కసారి జరిగినా మళ్లీ ఎవరూ పని ఇవ్వరు.

ఏఐ వచ్చాక ఈ పని ఉంటుందా?

దీని మీద నాకు తేలికైన జవాబు లేదు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక మీటింగు నోట్సు, ఆడియో విని టైపు చేయడం, మామూలు ఈమెయిల్ డ్రాఫ్టులు, ఇలాంటివి విడిగా అడిగేవాళ్లు నా చుట్టూ బాగా తగ్గారు. నేనే ఆ పనులకు వాటిని వాడుతున్నాను. కేవలం డేటా ఎంట్రీ నమ్ముకుని ఈ రంగంలోకి రావద్దనే చెబుతాను.

మిగిలేది ఏమిటంటే బాధ్యత. ఫోన్ ఎత్తని పేషెంటు కొడుక్కి ఫోన్ చేయాలని, ఫలానా షాపాయన భోజనాల వేళ దాటాకే బిల్లుల మాట వింటాడని, తొలేళ్ల రోజున ఎవరూ రారని తెలిసిన మనిషి చేసే పని. ఇది ఎన్నాళ్లు మిగులుతుందో నేను చెప్పలేను. కానీ ఏ గదిలో కూర్చున్నా ఎవరైనా చేయగలిగిన పని ముందు పోతుంది, మనిషినీ ఊరినీ ఎరిగి చేసే పని తర్వాత పోతుంది అన్నంతవరకు నాకు నమ్మకం ఉంది. ఆ ఎరుక మనకు బాగా ఉన్నది మన ఊళ్లోనే కదా.

లెక్కలు, బిల్లులు

ఇది క్లుప్తంగానే చెబుతాను, ఒక మంచి టాక్స్ కన్సల్టెంటును అడగడమే మేలు. మొదటి రోజు నుంచీ పనికి విడిగా ఒక బ్యాంకు ఖాతా పెట్టుకోండి. సేవల మీద ఏడాది ఆదాయం 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ గొడవ లేదు. బయటి దేశం నుంచి పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సర్వీసు ద్వారా డబ్బు వస్తే మన దేశంలో దాన్ని అక్కడే నిల్వ ఉంచుకోవడం కుదరదు, బ్యాంకులోకి వచ్చేస్తుంది, ఆ డబ్బు దేనికి వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ సరిగ్గా ఎంచుకోవాలి. ఆ డబ్బు తాలూకు కాగితాలు దాచుకోవాలి. ఆదాయం తక్కువే అయినా రిటర్ను వేస్తే రేపు లోను అడిగినప్పుడు చూపించడానికి ఒక ఆధారం ఉంటుంది. సొంతంగా పనిచేసే ఆడవాళ్లకు బ్యాంకులో ఎదురయ్యే మొదటి ప్రశ్న అదే.

నేనిప్పుడు పొద్దున్న డాక్టరు గారి పని, మధ్యాహ్నం నుంచి ఇంగ్లండు పని చేస్తున్నాను. రెండో దాంట్లో డబ్బు ఎక్కువ. మొదటిది వదిలేయమని ఇంట్లోనూ అన్నారు, వదల్లేదు. బయటి క్లయింటు ఒక ఈమెయిల్‌తో ఆపేయొచ్చు, ఆపేస్తే నాకు తెలిసేదీ ఆ ఈమెయిల్‌తోనే. ఇక్కడ అలాంటిదేమైనా ఉంటే ముందే మాటల్లో తెలుస్తుంది.

ఒక్క విషయంలో నాకు సాయం కావాలి. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు ఇలా లోకల్ వ్యాపారాలకు నెలవారీగా పనిచేస్తున్నవాళ్లు ఉంటే, ఏ పనికి ఎంత తీసుకుంటున్నారో, ముందుగా డబ్బు ఎలా అడుగుతున్నారో నాకు రాయండి. పేర్లు అక్కర్లేదు. మన దగ్గర ఈ రేట్లు ఎవరూ బయటికి చెప్పరు, అందుకే కొత్తగా వచ్చే ప్రతి అమ్మాయీ వెయ్యో రెండు వేలో అడిగి కూర్చుంటోంది. వచ్చిన అంకెలన్నీ ఒక పట్టికగా చేసి ఇక్కడే పెడతాను.